జాలీ వెనక పులి: జూ ఫొటోలకు ఏ లెన్స్ తీసుకెళ్లాలి?

మొదటిసారి టెలిఫొటో లెన్స్ మెడలో వేసుకుని జూకి వెళ్లిన రోజు పెద్దపులిని బాగా తీశాననే అనుకున్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే అచ్చుగుద్దినట్టు వచ్చింది జాలీ. తీగలు మెలిపడిన చోట తుప్పు మరకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. వాటి వెనక నారింజ రంగులో ఏదో కూర్చుని ఉంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాకు పులిని తీయబోతే కంచె వచ్చింది.

ఆరోజు చేసిన తప్పు ఎఫ్8 పెట్టడం, అంటే లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేయడం (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). పులి మొత్తం షార్ప్‌గా రావాలన్న ఆశ. తర్వాత కొన్ని లెన్సులు అద్దెకు తెచ్చీ, కొన్ని స్నేహితుల్ని బతిమాలీ అదే పని మళ్లీ మళ్లీ చేశాక తెలిసిందేమిటంటే, జూకి లెన్స్ ఎంచుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్నే పక్కదారి పట్టిస్తుంది. "ఎంత జూమ్ ఉండాలి?" అని అడుగుతారు. "తీగ ఎలా మాయమవుతుంది?" అని అడగాలి. జూమ్ సంగతి దాని తర్వాత.

## లెన్స్ పేరు కంటే ముందు చూడాల్సినవి

ఒక పెన్సిల్‌ని ముఖానికి జానెడు దూరంలో నిలువుగా పట్టుకోండి. ఒక కన్ను మూసి ఎదురుగా గోడ మీదున్న గడియారాన్ని చూడండి. పెన్సిల్ అంకెల్ని కొన్నింటిని కప్పేస్తుంది. ఇప్పుడు రెండో కన్ను తెరిచి, చూపు గడియారం మీదే నిలపండి. పెన్సిల్ అక్కడే ఉంది, అయినా దాని గుండా అంకెలు కనిపిస్తున్నాయి. ఒక కంటికి అడ్డమైంది రెండో కంటికి అందుతోంది కాబట్టి. మన రెండు కళ్ల మధ్య దూరం ఆరున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ. లెన్స్ తెరుచుకున్న వెడల్పు కూడా అంత ఉంటే జాలీ తీగను అది అలాగే దాటి చూస్తుంది.

ఈ వెడల్పును లెన్స్ కంటిపాప అందాం. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగిస్తే వచ్చేదే అది. (ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్ మీద మి.మీ.లలో రాసుండే అంకె.) 200 మి.మీ. లెన్స్ ఎఫ్2.8 దగ్గర 71 మి.మీ. అదే లెన్స్‌ని ఎఫ్8కి మూస్తే 25 మి.మీ. నా మొదటి రోజు కథ మొత్తం ఈ రెండంకెల మధ్యే ఉంది. ఎఫ్ నంబరు చిన్నదైతే చాలనుకోవడం కూడా పొరపాటే: 50 మి.మీ. ఎఫ్1.8 కంటిపాప 28 మి.మీ. దాటదు, 600 మి.మీ. ఎఫ్6.3 పెద్ద "స్లో" (వెలుతురు తక్కువ తీసుకునే) లెన్స్ అని పేరున్నా దాని కంటిపాప 95.

రెండోది దూరాల లెక్క. పులి కంటి నుంచి బయల్దేరిన వెలుగు లెన్స్ దాకా ఒక శంకువులా వెడల్పవుతూ వస్తుంది. జాలీ ఉన్న చోట ఆ శంకువు ఎంత వెడల్పుందన్నదే అసలు విషయం. మీరు జాలీకి దగ్గరగా, పులి జాలీకి దూరంగా ఉంటే ఆ వెడల్పు దాదాపు కంటిపాపంత ఉంటుంది. పులి వచ్చి జాలీని ఆనుకుని పడుకుందా, అక్కడ శంకువు సూదిమొన అయిపోతుంది. ఇక ఏ లెన్సూ కాపాడలేదు. శంకువు జాలీ గడి కంటే వెడల్పుగా ఉంటే తీగలన్నీ కలిసి ఫొటో మీద సమంగా పరిచిన పల్చటి పొరలా మిగులుతాయి. కాంట్రాస్ట్ కాస్త పెంచితే పోతుంది. గడి కంటే ఇరుకైతే మసక చారలు మిగులుతాయి. వాటిని తర్వాత తీసేయడం నరకం.

మూడోది జాలీయే. గొలుసు అల్లికలా ఉండే చైన్‌లింక్ జాలీలో గడి సుమారు 5 సెంటీమీటర్లు, తీగ 3 మి.మీ. ప్రాంతం. చిరుతల బోనులకు వాడే మెత్తటి స్టీలు తాడు వల ఇంకా సన్నగా ఉంటుంది, అది ఫొటోగ్రాఫర్ పాలిట వరం. లావుపాటి ఊచలున్న పాత బోనులు అన్నింటికంటే మొండివి. అక్కడ ఊచను మాయం చేసే ప్రయత్నం మాని, రెండు ఊచల సందులోంచి తీయడమే మార్గం. రంగు కూడా చూడండి. నల్ల రంగేసిన జాలీ ఇట్టే కరిగిపోతుంది. ఎండ పడి మెరుస్తున్న గాల్వనైజ్డ్ జాలీ మాత్రం ఎంత పెద్ద లెన్స్ పెట్టినా తెల్లటి పొగలా మిగులుతుంది. మీ వైపు నీడ పడ్డ జాలీ ముక్కను వెతుక్కోవడం ఒక్కోసారి లెన్స్ మార్చడం కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇవి కాక బరువు, ఫోకస్ వేగం, ఫ్రేములో ఎంత పడుతుంది అన్నవి ఉండనే ఉన్నాయి. అవి ఒక్కో లెన్స్ దగ్గర చెప్తాను.

## అంకెల్లో

జూల్లో జాలీకి ముందు సందర్శకుల కోసం ఇంకో కంచె ఉంటుంది కదా, అది జాలీకి మీటరున్నర ఇవతల ఉందనుకుని వేసిన లెక్క ఇది. జూమ్ లెన్సులన్నీ పూర్తిగా లాగి, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) పూర్తిగా తెరిచి ఉన్నాయనుకోండి. బరువుకి ముందున్న రెండు నిలువు వరుసల్లోవి జాలీ దగ్గర శంకువు వెడల్పులు (మి.మీ.లో; పులి దూరం కెమెరా నుంచి), 50 మి.మీ. గడితో పోల్చుకుని చూడండి.

| లెన్స్ | కంటిపాప (మి.మీ.) | పులి 10 మీటర్లలో ఉంటే | పులి 3 మీటర్లలో ఉంటే | సుమారు బరువు |
|---|---|---|---|---|
| 55-250 ఎఫ్5.6 | 45 | 38 | 22 | 400 గ్రా. లోపు |
| 70-300 ఎఫ్5.6 | 54 | 46 | 27 | 500-750 గ్రా. |
| 70-200 ఎఫ్2.8 | 71 | 60 | 36 | 1-1.5 కిలోలు |
| 100-400 ఎఫ్5.6 | 71 | 60 | 36 | 1.2-1.6 కిలోలు |
| 150-600 ఎఫ్6.3 | 95 | 81 | 48 | 2 కిలోలు |
| 135 ఎఫ్1.8 | 75 | 64 | 38 | కిలో |
| 85 ఎఫ్1.8 | 47 | 40 | 24 | 350-500 గ్రా. |
| బ్రిడ్జ్ కెమెరా (లెన్స్ ఊడదీయలేని పెద్ద జూమ్ కెమెరా, 1 అంగుళం సెన్సర్) | 55 | 47 | 28 | కిలో పైన |

నిలువుగా ఒకసారి చదవండి. పులి పది మీటర్లలో ఉన్నప్పుడు సగం లెన్సులు గట్టెక్కుతాయి. మూడు మీటర్లకు వచ్చేసరికి అన్నీ గడి కంటే ఇరుకే. దగ్గరకొచ్చిన పులి మంచి ఫొటో అనుకుంటాం గానీ, జాలీ ఉన్నచోట దూరంగా ఉన్న పులే మంచి పులి.

ఇంకొకటి పట్టికలో లేదు. జూమ్ వెనక్కి తగ్గించగానే కంటిపాప కుంచించుకుపోతుంది. 150-600 లెన్స్ 150 దగ్గర ఎఫ్5 ఉంటే 30 మి.మీ.; 70-200 లెన్స్ 70 దగ్గర 25. పులి చుట్టూ చెట్టూచేమా కూడా రావాలని జూమ్ తగ్గిస్తే తీగలు తిరిగొస్తాయి.

## 70-200 ఎఫ్2.8

ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను, కానీ అందరూ చెప్పే కారణంతో కాదు. దీని కంటిపాప 100-400తో సమానం. తేడా వెలుతురులో ఉంది. పులులు, సింహాలు పగలంతా నీడపట్టున పడుకుంటాయి. సింహమైతే రోజులో 16 నుంచి 20 గంటలు నిద్రలోనో విశ్రాంతిలోనో గడిపేస్తుంది. లేచి తిరిగేది పొద్దున జూ తెరిచిన కొత్తలో, సాయంత్రం మేత వేళకి. ఆ వెలుతురులో ఎఫ్5.6 లెన్స్ కంటే ఇది నాలుగింతల వెలుగు తీసుకుంటుంది. నడుస్తున్న పులికి షట్టర్ వేగం కనీసం 1/500, దూకుతుంటే 1/1000 సెకను కావాలి కాబట్టి ఆ నాలుగింతలు నేరుగా ఐఎస్‌ఓలో (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) కనిపిస్తాయి.

పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 200 దగ్గర పది మీటర్లలో 1.8 మీటర్ల వెడల్పు పడుతుంది. అంటే పక్కకు తిరిగి నడిచే పులి పూర్తిగా పట్టదు, తలా భుజాలూ హాయిగా పడతాయి. ఐదు మీటర్లలో ఆ వెడల్పు 90 సెంటీమీటర్లు, నిండు ముఖం.

నష్టం లేకపోలేదు. ఐదు మీటర్లలో ఎఫ్2.8 దగ్గర షార్ప్‌గా ఉండే లోతు మొత్తం 10 సెంటీమీటర్లు. కన్ను దొరికితే ముక్కు జారుతుంది. నేను కన్నే పట్టుకుని ముక్కును వదిలేస్తాను. (పులి, సింహం, చిరుత... వీటి కంటిపాప మన ఇంటి పిల్లిలా నిలువు గీత కాదు, గుండ్రటిది. దగ్గర్నుంచి తీసిన ఫొటోలో అది చూసినప్పుడల్లా చూపు మనిషి చూపులా అనిపిస్తుంది.)

దీనికి టెలికన్వర్టర్ (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించి ఫోకల్ లెంగ్త్ పెంచే ముక్క) వేసుకోవచ్చా? రెండింతల కన్వర్టర్ వేస్తే 400 ఎఫ్5.6 అవుతుంది, రెండు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాపుకి సగం చొప్పున) పోతుంది. కంటిపాప మాత్రం అదే 71. తీగను మాయం చేసే శక్తి పెరగదు, తరగదు. దూరం పులి దగ్గరవుతుంది, అంతే.

## 100-400, 150-600

బోను పెద్దది, పులి ఎప్పుడూ ఆ చివరన చెట్టు కిందే ఉంటుంది అన్న జూలకు ఇవి. 100-400 చేత్తో పట్టుకుని సగం రోజు తిరగగలిగేది. మోడల్‌ని బట్టి కొన్ని 400 దగ్గర ఎఫ్6.3 ఉంటాయి, అప్పుడు కంటిపాప 63. పెద్ద తేడా కాదు.

150-600 సంగతి వేరు. జాలీని మాయం చేయడంలో పట్టికలో దానిదే పైచేయి. పదిహేను మీటర్ల అవతల పులి ఉందంటే జాలీ ఉన్నట్టే తెలియదు. కానీ పది మీటర్లలో ఫ్రేములో పడేది 60 సెంటీమీటర్లు, ఐదు మీటర్లలో 30. పులి ముఖం కూడా అంచులు తెగుతుంది. సెన్సర్ చిన్నదైన క్రాప్ సెన్సర్ కెమెరా అయితే ఇంకా ఇరుకు. సరే జూమ్ తగ్గిద్దామంటే కంటిపాప తగ్గుతుందని పైన చూశాం. పైగా ఇవి సాధారణంగా రెండు మీటర్ల పైన గానీ ఫోకస్ కావు, ఇరుకు బోను ముందు అదో ఇబ్బంది. రెండు కిలోలు మధ్యాహ్నం దాటేసరికి నాలుగవుతాయి. మోనోపాడ్‌ని (ఒంటికాలి స్టాండు) అనుమతించే జూ అయితే ఆలోచించండి.

కందకం అవతల సింహాలను వదిలే జూల్లో జాలీ గొడవే ఉండదు. అలాంటి చోటికి 150-600 కళ్లు మూసుకుని తీసుకెళ్లొచ్చు.

## 70-300, కిట్‌తో వచ్చిన 55-250

చాలామంది ఇంట్లో ఉన్నవి ఇవే. "వీటితో పని కాదు" అని కొట్టిపారేసేవాళ్ల మాట వినకండి. 70-300 కంటిపాప 54. పట్టికలో 46 అంటే చైన్‌లింక్ గడి కంటే కొద్దిగానే తక్కువ. నీడలో ఉన్న జాలీ, నల్ల తీగ, పది మీటర్ల పైన పులి ఈ మూడూ కలిస్తే నేను దీంతో తీసిన ఫొటోని 70-200తో తీసినదాని పక్కన పెట్టి ఏది ఏదో కనిపెట్టమంటే ఫొటోలు తీసే స్నేహితుడే తప్పు చెప్పాడు. ఈ మూడింటిలో ఒకటి తప్పినా తేడా బయటపడుతుంది.

55-250 వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: 250 దగ్గరే ఉండండి, ఎఫ్5.6 దాటకండి, జాలీ గడి మధ్యలో పులి కన్ను పడేలా నిలబడే చోటును రెండంగుళాలు అటూ ఇటూ జరుపుకోండి. ఇరుకు శంకువుకి గడి మధ్యలోంచి దారి దొరికిందంటే తీగతో పనే లేదు. పులి కదిలితే మళ్లీ మొదలు. ఓపిక ఉండాలి.

## 135, 85 ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు

135 ఎఫ్1.8 ఉన్నవాళ్లు అదృష్టవంతులు. కంటిపాప 75, వెలుతురు ఎఫ్2.8 కంటే రెండింతల పైన. చిన్న బోనుల్లో, మబ్బు పట్టిన రోజు దీనికి సాటి లేదు. పది మీటర్ల తర్వాత పులి చిన్నదైపోతుంది గానీ, క్రాప్ చేసుకోవడానికి మెగాపిక్సెల్స్ ఉంటే ఫర్వాలేదు. 85 ఎఫ్1.8 కంటిపాప కిట్ జూమ్‌తో దాదాపు సమానం. మనుషుల పోర్ట్రెయిట్‌కి కొనుక్కున్నది, జూకి దానికోసమంటూ సంచిలో చోటివ్వను.

## బ్రిడ్జ్ కెమెరా, ఫోన్

బ్రిడ్జ్ కెమెరా మీద 600 అని రాసి ఉన్నా లోపల అసలు ఫోకల్ లెంగ్త్ 220 ప్రాంతమే ఉంటుంది, చిన్న సెన్సర్ కాబట్టి 600 అంత దగ్గరగా కనిపిస్తుంది. కంటిపాప లెక్క అసలు అంకెతోనే వేయాలి: 220ని 4తో భాగిస్తే 55. అంటే తీగ విషయంలో 70-300తో సమానం. సాయంత్రం వెలుతురులో నాయిస్ (ఫొటోలో గరుకు) ఎక్కువ, ఫోకస్ తీగ మీదకు దూకే అలవాటు ఎక్కువ. పిల్లలతో వెళ్లి, నీళ్ల సీసాలూ సంచులూ మోస్తూ, మధ్యలో ఓ నాలుగు ఫొటోలు తీసేవాళ్లకు మాత్రం ఇదే సరైనది. లెన్సులు మార్చే పని లేదు.

ఫోన్ లెన్స్ కంటిపాప కొన్ని మిల్లీమీటర్లే. మీటరున్నర దూరం నుంచి జాలీ స్పష్టంగా పడి తీరుతుంది. ఫోన్ గెలిచేది ఒక్క చోటే: జాలీకో అద్దానికో ఆనుకోవడానికి జూవాళ్లే వీలిచ్చిన చోట. అక్కడ ఆ బుల్లి లెన్స్ గడి మధ్యలో పూర్తిగా ఇమిడిపోతుంది, తీగే రాదు. అందాకా కంచె దాటి చెయ్యి చాచడం మాత్రం వద్దు. పులి పంజా గోళ్లు జాలీ గడిలోంచి బయటికి రాగలవు.

## ఎవరికి ఏది

ఏడాదికోసారి జూకి వెళ్లేవాళ్లు కొత్త లెన్స్ కొనకండి. ఉన్నదాంతో నీడ జాలీ వెతుక్కోండి. మరీ మనసైతే 70-200ని ఒక రోజుకి అద్దెకు తెచ్చుకోండి.

నెలకో రెండుసార్లు వెళ్లేవాళ్లు, పెళ్లిళ్లో ఆటలో కూడా తీసేవాళ్లు 70-200 ఎఫ్2.8 తీసుకోండి, దూరం చాలనప్పుడు కన్వర్టర్. పక్షులూ అడవీ కూడా మీ ఇష్టాల్లో ఉంటే 100-400. వెలుతురు తక్కువ రోజున అది మిమ్మల్ని ఏడిపిస్తుందని ముందే తెలిసి తీసుకోండి. బరువు మోయలేనివాళ్లు, వయసు మీదపడ్డవాళ్లు 70-300 దగ్గర ఆగిపోవచ్చు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీ జూలో అన్నీ అద్దాలే అయితే పై పట్టిక పక్కన పెట్టేయండి. అక్కడ కావాల్సింది లెన్స్ చుట్టూ మెత్తటి రబ్బరు హుడ్. అద్దానికి సూటిగా ఆనించి తీస్తే ప్రతిబింబాలు పోతాయి. పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) అద్దానికి ఏటవాలుగా నిలబడ్డప్పుడే పనిచేస్తుంది, సూటిగా ఉంటే వెలుతురు తినడం తప్ప చేసేదేం లేదు.

## లెన్స్ ఏదైనా

ఆటోఫోకస్‌ని ఒకే చిన్న పాయింట్‌కి పెట్టి గడి మధ్యలోంచి కంటి మీదకు పంపండి. జంతువుల కళ్లు పట్టే కొత్త కెమెరాలు కూడా దట్టమైన జాలీ ముందు తికమకపడతాయి. లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ మీట ఉంటే దూరం వైపు తిప్పండి. చేతికందేంత దగ్గరున్న తీగ వైపు వెతకడం మానేస్తుంది. ఫ్లాష్ పూర్తిగా ఆపేయండి. అది ముందు జాలీనే వెలిగిస్తుంది, జంతువునీ బెదరగొడుతుంది.

వెనక ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు పడుతుంటే జాగ్రత్త. తీగ మాయమైనా, ఆ మసక వెలుగు చుక్కల్లో దాని గీతలు అల్లికలా కనిపిస్తాయి. రెండడుగులు జరిగి వెనక గోడో పచ్చికో వచ్చేలా చూసుకోండి.

జంతువును బట్టి కూడా లెక్క మారుతుంది. తెల్లపులిని కెమెరా బూడిద రంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాపు పెంచండి. నల్లచిరుత దగ్గర తగ్గించాలి. కంచె ఫొటోలన్నింటిలో కష్టమైనది కూడా అదే: జాలీ మిగిల్చే ఆ పల్చటి పొర మొదట చెడగొట్టేది నలుపునే. నల్లచిరుతకి నేను నీడలో జాలీ దొరికే పూట తప్ప వెళ్లను. అటూ ఇటూ ఒకే బాటలో తిరిగే జంతువైతే పని తేలిక. నాలుగు చుట్లు ఊరికే చూసి, అది జాలీకి దూరంగా తల తిప్పే మలుపు ఎక్కడో కనిపెట్టి, ఫోకస్ అక్కడ పెట్టుకుని కూర్చోండి. ఈలోగా మగపులి మీకు వీపు చూపించి తోక నిటారుగా లేపిందంటే కెమెరాతో సహా పక్కకు తప్పుకోండి. అది గుర్తు వేసుకోబోతోంది. మూత్రం వెనక్కి పిచికారీలా వస్తుంది, జాలీ దాన్ని ఆపదు. నా లెన్స్ హుడ్‌కి ఆ వాసన వదలడానికి చాలా రోజులు పట్టింది.

కొనబోయే ముందు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. బట్టలారేసే ఇనుప తీగ మూడు మిల్లీమీటర్లది తీసుకుని అయిదు సెంటీమీటర్ల ఎడంతో నాలుగు వరుసలు కట్టండి. మీరు నిలబడే చోటికి పది మీటర్ల అవతల కుర్చీలో ఓ బొమ్మను కూర్చోబెట్టి, తీగలకు మీటరున్నర ఇవతల నిలబడి మీ దగ్గరున్న లెన్స్‌తో ఒకటి, అద్దెకు తెచ్చిన లెన్స్‌తో ఒకటి తీయండి. తర్వాత బొమ్మను తీగల అవతల మీటరున్నరకు జరిపి మళ్లీ తీయండి. నాలుగు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని బొమ్మ కళ్లు చూడండి. మొదటి జంటలో మీ పాత లెన్స్ ఫొటో మీద చారలు కనిపించకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.